నల్ల జాడీ మీద పూత

పొద్దున పదింటికి మోండా మార్కెట్‌లో, ఉల్లిగడ్డల బస్తాల మధ్య, ఏజెంట్ రిచర్డ్‌ని సైలెన్సర్ గన్‌తో కాల్చి చంపారు. పదకొండింటికి అతని భార్య, ఏజెంట్ ప్రిసిల్లా, యాప్రాల్ సేఫ్ హౌస్‌లో చీఫ్ సత్యదేవ్ ఎదుట కూర్చుంది. ఏడుపు రాలేదు. టీ ఇస్తే తాగింది. వేడిగా ఉందో చల్లారిందో తెలియలేదు.

"నిన్ను పంపకూడదు," అన్నాడు చీఫ్. "కానీ జాడీల పని తెలిసింది నీకొక్కదానికే."

"బ్రీఫ్ చెయ్యండి సర్."

"కార్ఖానా ఏరియాలో శ్రీలేఖ స్టూడియో. జపాన్ పద్ధతి లక్కపూత వేసిన పింగాణీ జాడీలు ఆరు. ఒకదాని పూత కింద మైక్రోఫిల్మ్. మధ్యాహ్నం రెండింటికి వాటిని తీసుకెళ్ళడానికి శత్రుదేశం దౌత్యవేత్త వస్తాడు. పెట్టెల మీద దౌత్య సీలు పడిందా, ఇక ముట్టుకోలేం. ఆరూ పగలగొడితే రెండు దేశాల మధ్య గొడవ. ఒక్కటే ఛాన్స్."

ఫిల్మ్‌లో ఉన్నది ఆ దేశంలో పనిచేస్తున్న మన ఏజెంట్ పేరు. ఆషర్. ప్రిసిల్లా సొంత తమ్ముడు. నిండా మునిగినవాడికి చలేమిటి అంటారే, సరిగ్గా అలాగే లేచి విగ్గు సర్దుకుంది.

శ్రీలేఖ రికార్డుల ప్రకారం మన మనిషే. పట్టుచీర, ఎర్ర లిప్‌స్టిక్, ఎదుటివాడు దారి తప్పేంత నవ్వు. ఆమె పుణ్యమా అని ప్రిసిల్లా ఆరునెలలు ఆ స్టూడియోలో సోమయ్య మేస్త్రీ దగ్గర పూతపని నేర్చుకుంది.

"వాన వచ్చేట్టుంది," అంది శ్రీలేఖ.

"గొడుగు తెచ్చిన," అంది ప్యాకింగ్ మనిషి వేషంలో ఉన్న ప్రిసిల్లా.

కోడ్ కుదిరింది. "ఎర్ర జాడీ," అని చెవిలో ఊదింది శ్రీలేఖ.

చీఫ్ ముచ్చటపడి ఇచ్చిన పెన్ స్కానర్ మాత్రం ఆరు జాడీల దగ్గరా కుయ్యిమంది. బంగారు పొడి చల్లిన బొమ్మలాయె, అదేం చేస్తుంది పాపం! టైం ఒకటీ యాభై ఆరు. ముందే వచ్చిన దౌత్యవేత్త సీలు వేయడానికి లక్క కరిగిస్తున్నాడు.

ప్రిసిల్లా వంగి, సోమయ్య రోజూ చేసేట్టే, ఒక్కో జాడీ మీద నోటితో ఆవిరి ఊదింది. పూత ఆరితే ఆవిరి తెల్లగా పడుతుంది. పచ్చిగా ఉంటే నీలంగా మెరుస్తుంది. ఎర్రదానితో సహా ఐదింటి మీద తెల్లగా పడింది. కొంగబొమ్మ ఉన్న నల్ల జాడీ మీద నీలం.

"ఇదెక్కడ ఆరబెట్టినవ్?" అని శ్రీలేఖను అడిగింది ప్రిసిల్లా.

"ఏసీ రూంలనే. రాత్రంతా ఫుల్ పెట్టిన. ఎందుకు?"

పక్కన పెట్టెలు సర్దుతున్న సోమయ్య తలెత్తాడు. "ఏసీలనా! లక్కపూత తేమలనే ఆరుతది గద మేడం. నిన్న నేను పోయేటప్పటికే ఎండింది. మళ్ళ ఎవరు పూసిండ్రు?"

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఏసీ పట్టించింది! ప్రిసిల్లా నల్ల జాడీని చేతుల్లోకి ఎత్తింది. శ్రీలేఖ పర్సులోంచి పిస్టల్ తీసింది. "ప్రిసీ, కింద పెట్టు దాన్ని."

భయం వేయాలి. వేయలేదు.

"కాల్చుకో," అని జాడీ వదిలేసింది ప్రిసిల్లా.

భళ్ళుమంది. అదే క్షణంలో సోమయ్య చేతిలోని పెట్టె చెక్క శ్రీలేఖ మణికట్టు మీద పడింది. గుండు సీలింగ్‌లోకి పోయింది. పెంకుల్లో గోరంత ఫిల్మ్. ఒకటీ యాభై తొమ్మిది. దౌత్యవేత్త తనకేం సంబంధం లేనట్టు సీలు జేబులో వేసుకుని కారెక్కాడు.

సాయంత్రం సేఫ్ లైన్ మోగింది. ఆషర్.

"అక్కా, అంతా ఓకేనా? బావ ఫోన్ ఎత్తుతలేడేందే? పొద్దుట్నించి చేస్తున్న."

వాడు ఇంకా పదిరోజులు ఎవరికీ అనుమానం రాకుండా ఆ దేశంలో నవ్వుతూ తిరగాలి.

"మీ బావ సంగతి ఎరికే గదరా," అంది ప్రిసిల్లా. "సైలెంట్‌ల పెట్టి మర్చిపోయిండు."

మిషన్ ముగిసిందని చీఫ్ అప్పటికే ఫైల్లో రాసేశాడు.