అమ్మ ఫోల్డర్

మృదుల మౌస్ నొక్కింది. తెర మీద చిన్న నీలం చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది.

"ఇంకా తెరుచుకోలే?" పక్కన కూర్చున్న హర్ష అడిగాడు.

"కనిపిస్తలేదా? తిరుగుతనే ఉంది."

ఇద్దరూ ఆరో తరగతి. నీటిచుక్క ప్రయాణం మీద సైన్స్ ప్రాజెక్టు చేస్తున్నారు. రేపు కాక ఆ పై సోమవారం టీచర్‌కి పన్నెండు స్లైడ్లు చూపించాలి. ఈ ఆదివారం పొద్దున్నే కూర్చున్నారు. మధ్యాహ్నం పన్నెండు గంటలయ్యేసరికి రెండే స్లైడ్లు పూర్తయ్యాయి.

మృదులవాళ్ల ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉంది. కిటికీ తెరిస్తే రైళ్ల అనౌన్స్‌మెంట్లన్నీ లోపలికి వినిపిస్తాయి.

"మనం రెండు స్లైడ్లు చేసేలోపల నాలుగు రైళ్లు పోయినయ్," అన్నాడు హర్ష. "మీ లాప్‌టాప్ నిండిపోయినట్టుంది. పనికిరానివి తీసెయ్. ఫాస్ట్ అయితది."

ఆ మాట మృదులకు నచ్చింది. ఒక్కొక్క ఫోల్డరూ చూసుకుంటూ వెళ్లింది. డాడీ ఫోటోలు ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. తన గేములున్నాయి, అవి కావాలి. తను దాచుకున్న కార్టూన్ వీడియోలున్నాయి, అవి మరీ కావాలి.

చివర్లో 'న్యూ ఫోల్డర్ 4' అని ఒకటి కనిపించింది. తెరిచింది. వందకు పైగా ఫైళ్లు ఉన్నాయి. వేటికీ సరైన పేరు లేదు. మొదటిది తెరిస్తే పేజీ అంతా ఎ, ఎస్, డి, ఎఫ్. మళ్లీ ఎ, ఎస్, డి, ఎఫ్. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"ఏందిది? పిల్లి కీబోర్డు మీద నడిచినట్టుంది," అని హర్ష నవ్వాడు.

మృదులకూ నవ్వొచ్చింది. నాలుగోది తెరవలేదు. ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి, రీసైకిల్ బిన్‌ని కూడా ఖాళీ చేసేసింది. ఆ తర్వాత హర్ష చెప్పాడని, స్పీడు పెంచుతుందట అంటూ ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. 'మీ కంప్యూటర్ ఇప్పుడు రాకెట్!' అని తెర మీద మెరిసింది.

ఆ రాకెట్ మూడో స్లైడ్ తెరవడానికి ఆరు నిమిషాలు తీసుకుంది.

మర్నాడు సాయంత్రం మృదుల బడి నుంచి వచ్చి బూట్లు విప్పుతోంది. అమ్మ స్నేహలత లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. పక్కన చేతిరాత కాగితాల కట్ట ఉంది.

"మృదులా, నా ఫోల్డర్ కనిపిస్తలేదు బిడ్డా. న్యూ ఫోల్డర్ నాలుగు. నువ్వు చూసినవా?"

మృదుల చేతిలోని బూటు జారి కిందపడింది.

"లేదమ్మా," అంది. ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

అమ్మ ఆరు నెలలుగా మధ్యాహ్నం పూట టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్తోంది. మొదట ఇంగ్లీషు, తర్వాత తెలుగు నేర్చుకుంది. ఆ సంగతి మృదులకు తెలుసు. అమ్మ లాప్‌టాప్‌లో ఏం చేస్తోందో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

పక్క సందులో ఉండే వెంకటనర్సయ్య సార్ ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. లెక్కలంటే భయపడే పిల్లల కోసం ఒక పుస్తకం రాశారు. దాన్ని టైపు చేసే పని అమ్మకి ఇచ్చారు. అమ్మకి దొరికిన మొదటి పని అదే. శనివారం సార్ దాన్ని ప్రెస్‌కి ఇవ్వాలి. అమ్మ చేసింది నచ్చితే ఆ ప్రెస్‌వాళ్లు ఇంకా పని ఇస్తామన్నారట.

"అరవై రెండు పేజీలు కొట్టి దాంట్లనే పెట్టిన," అంది అమ్మ మెల్లగా. "మొన్న బంద్ చేసేటప్పుడు నేనే ఏదో తప్పు నొక్కినట్టున్న. నాకు సరిగ్గ రాదు కదా."

"ఫికర్ చెయ్యకు," అన్నాడు డాడీ పరశురాం. "రేపు అబిడ్స్‌కి తీస్కపోయి చూపియ్. గాడ నాగవల్లి మేడం కంప్యూటర్లు మంచిగ బాగు చేస్తదంట."

అమ్మ తల ఊపింది. తన వేళ్లనే చూసుకుంటోంది, అవే ఏదో తప్పు చేసినట్టు.

ఆ పూట చపాతీలు ఎంత మెత్తగా ఉన్నా మృదులకు ఒకటి కంటే ఎక్కువ తినబుద్ధి కాలేదు. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ మంచినీళ్లు అడిగింది.

మంగళవారం బడి అయ్యాక అమ్మతో పాటు తనూ అబిడ్స్ వెళ్లింది. నాగవల్లి షాపు మెట్లెక్కితే మొదటి అంతస్తులో ఉంది. చిన్న గది. బల్ల నిండా విప్పిన లాప్‌టాప్‌లు, ఒక డబ్బా నిండా బుల్లి స్క్రూలు.

అమ్మ జరిగింది చెప్పింది. "నేనే ఏదో నొక్కిన చెల్లె," అని కూడా చెప్పింది.

నాగవల్లి లాప్‌టాప్ అటూ ఇటూ తిప్పి చూసింది. "ఫైల్ డిలీట్ అయినా వెంటనే పోదక్కా. పాత హార్డ్ డిస్కుల ఆ జాగల్నే ఉంటది. దాని మీద కొత్తది ఏదన్న ఎక్కిస్తేనే చెరిగిపోతది. అందుకే అడుగుతున్న, ఫోల్డర్ పోయినంక దీంట్ల ఏమన్న ఎక్కించిన్రా?"

"లేదు," అంది అమ్మ. "నాకు ఎక్కియ్యనే రాదు."

"అయితే మంచిదే. మొత్తం దొరుకుతది."

ఇప్పుడు ఊరుకుంటే నాగవల్లి తప్పుగా వెతుకుతుంది. అప్పుడు కూడా అమ్మ తనను తానే తిట్టుకుంటుంది.

"ఎక్కించిన ఆంటీ," అంది మృదుల. "స్పీడ్ పెంచేది ఒకటి. ఆదివారం. ఫోల్డర్ తీసేసింది కూడా నేనే. అమ్మ ఏం నొక్కలే."

అమ్మ మృదుల వైపు తిరిగింది. "తెరిచి చూసినవా బిడ్డా?"

"మూడు చూసిన. అన్నిట్ల ఎ, ఎస్, డి, ఎఫ్ ఉంది. చెత్త అనుకున్న."

"అవి నేను నేర్చుకున్నప్పటివి," అంది అమ్మ. "మొదటి రోజువి."

కోప్పడలేదు, తిట్టలేదు. నాగవల్లి లాప్‌టాప్ మూసి, "ఇగ దీన్ని ఎవ్వరు ముట్టద్దు, ఈడనే పెట్టిపోండి, రేపు సాయంత్రం రండి," అంది. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు దాటడానికి అమ్మ ఎప్పటిలాగే మృదుల చెయ్యి పట్టుకుంది. రోడ్డు దాటాక వదిలేసింది. అమ్మ తిట్టినా బాగుండు అనిపించింది మృదులకు.

ఇంటికి చేరాక, అమ్మ చెప్పకముందే పక్క సందులోకి వెళ్లి వెంకటనర్సయ్య సార్ తలుపు తట్టింది. "సార్, మీ పుస్తకం పోయింది. అమ్మ తప్పు కాదు, నాది," అని ఒక్క గుక్కలో చెప్పేసింది.

సార్ కళ్లద్దాలు సవరించుకున్నారు. "నా చేతిరాత కాగితాలు ఉన్నయా?"

"ఉన్నయ్ సార్."

"అయితే పుస్తకం ఉన్నట్టే. పోయింది మీ అమ్మ కష్టం. దానికేం చేస్తవో చూస్కో."

బుధవారం నాగవల్లి ఒక పెన్‌డ్రైవ్ అమ్మ చేతిలో పెట్టింది. "ముప్పై నాలుగు పేజీలు దొరికినయక్కా. మిగిలినయి చెరిగిపోయినయి. వాటి మీదనే ఆ సాఫ్ట్‌వేర్ కూసున్నది."

అరవై రెండులో ఇరవై ఎనిమిది పేజీలు పోయాయి. మృదుల లెక్క వేసుకుని తల దించుకుంది.

"ఇటు రా," అని నాగవల్లి ఆమెను పిలిచి కుర్చీ చూపించింది. "లాప్‌టాప్ ఎందుకు స్లో ఉందో నువ్వే చూడు."

తెర మీద ఒక జాబితా ఉంది. లాప్‌టాప్ ఆన్ చేయగానే వాటంతటవే మొదలయ్యే వాటి పేర్లు అవి. మృదుల చదివింది. ఒక కార్ల గేము. ఒక బుడగల గేము. ఇంకో గేము. తెర మీద చేపలు ఈదే బొమ్మ. ఆదివారం ఎక్కించిన రాకెట్. అన్నీ తనవే.

"ఇవన్నీ ఒక్కసారే ఒక్క తలుపు నుంచే దూరుతున్నయ్. ఇగ నీ స్లైడ్లకి జాగ ఏడుంది?" అంది నాగవల్లి. "డిస్కు కూడ నీ వీడియోలతోనే నిండింది."

"మరి అమ్మ ఫోల్డర్?"

"అది మొత్తం కలిపినా నీ ఒక్క వీడియోకి పదో వంతు కూడ లేదు."

మృదుల నాగవల్లి చెప్పినట్టు ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టింది. గేములు తీసింది. రాకెట్ తీసింది. వీడియోలు తీసింది. తెలియని పేరు వచ్చినప్పుడు ఆగి, "అమ్మా, ఇది నీదా?" అని అడిగింది. "ఆంటీ, ఇది లాప్‌టాప్‌కి కావాల్నా?" అని అడిగింది. నాగవల్లి వెనక మూత విప్పి, ఫ్యానులో పేరుకున్న దుమ్ము బ్రష్‌తో దులిపింది. మళ్లీ ఆన్ చేస్తే నిమిషంలోపే తెరుచుకుంది.

ఆ సాయంత్రమే అమ్మ మళ్లీ టైపింగ్‌కి కూర్చుంది. సార్ చేతిరాత చీమల బారులా సన్నగా ఉంది. ఒక లైను కాగితంలో చూసి, తల తిప్పి తెర వైపు చూసి, మళ్లీ కాగితంలో ఆ లైను వెతుక్కోవాలి.

మృదుల కాగితాల కట్ట చేతిలోకి తీసుకుంది. "నేను చదువుత అమ్మా. నువ్వు కొట్టు."

అమ్మ కీబోర్డు మీద వేళ్లు పెట్టింది. "జర నెమ్మదిగ చదువు," అంది.

మృదుల చదివింది. మొదట తొందరగా చదివితే అమ్మ ఆపింది. ఒత్తు మింగేస్తే మళ్లీ చదివించింది. కొంతసేపటికి ఇద్దరికీ లయ కుదిరింది. అమ్మ తెర వైపే చూస్తోంది, కీబోర్డు వైపు చూడడం లేదు. ఆ వేళ్లకు దారి తెలుసు. ఎ, ఎస్, డి, ఎఫ్ అని అన్ని రోజులు ఎందుకు కొట్టిందో మృదులకు అప్పుడు అర్థమైంది.

గురువారం పది పేజీలయ్యాయి. శుక్రవారం హర్ష కూడా వచ్చి కూర్చున్నాడు. మృదుల గొంతు బొంగురుపోతే తను చదివాడు. శనివారం పదకొండు గంటలకు చివరి పేజీ పూర్తయింది. అమ్మ కాగితాలు సర్దుకుంటూ మృదుల తల మీద చెయ్యి వేసి, జుట్టు చెదరగొట్టింది. ఆ వారంలో అమ్మ అలా చేయడం అదే మొదటిసారి.

స్లైడ్లు ఆదివారం ఒక్క పూటలో అయిపోయాయి.

సోమవారం బడిలో, కంప్యూటర్ ల్యాబ్‌లో ప్రాజెక్టులు ఎక్కిస్తున్నారు. మూడో నంబరు కంప్యూటర్ జాగా లేదంది.

"గీ ఫోల్డర్ చూడు, దీనికి పేరు కూడ లేదు," అన్నాడు హర్ష. తెరిచాడు. లోపల అన్నీ చుక్కలు, గీతలు, సున్నాలు. "ఎవలకి పనికొస్తది ఇది?"

"ఏమో. అడుగుదాం."

"ఎవల్ని అడుగుతవ్? పొద్దున తొమ్మిదో తరగతి వాళ్లు కూసున్నరు. వాళ్లు పైన మూడో అంతస్తుల ఉంటరు."

"అయితే పైకి పోత."

"మన నంబర్ వచ్చేస్తది మృదులా!"

"రానీ. చివర్ల చూపిద్దాం."

మృదుల మూడు అంతస్తులు ఎక్కింది. తొమ్మిదో తరగతి తలుపు దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుంది.

"సార్, ల్యాబ్‌ల మూడో నంబర్ కంప్యూటర్ల ఒక ఫోల్డర్ ఉంది. చుక్కలు, గీతలు ఉన్నయ్. అది ఎవరిదో అడుగుదామని వచ్చిన."

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి గబుక్కున లేచి నిలబడింది.