అల్వారో కుట్టి రిటైర్మెంట్

అల్వారో కుట్టి రిటైరైన రోజు నేను మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. లంచ్ టైములో వానలో తడుస్తూ రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న జెర్సీల షాపులోకి వెళ్ళాను.

కేరళలోని మంజేరిలో మా కళ్ళజోళ్ళ షాపుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది అది. నేను చూపు పరీక్ష చేసే ఉద్యోగంలో చేరి అప్పటికి రెండు వారాలు. ఆ రెండు వారాల్లో నేను పరీక్షించిన చూపుల కంటే, ఎదురు షాపు కౌంటర్లో కూర్చునే అమ్మాయి మీద పారేసుకున్న చూపులే ఎక్కువ.

"పసుపు జెర్సీ ఒకటి కావాలి. వెనకాల అల్వారో కుట్టి అని పేరు, తొమ్మిదో నంబరు," అన్నాను.

ఆ అమ్మాయి తలెత్తింది. "ఎవరాయన?"

"ఫుట్‌బాల్ ప్లేయర్."

"జెర్సీ మీద పేరు వేయిస్తుంటే పరోటా మాస్టర్ అనుకుంటానా? ఎక్కడి ప్లేయర్ అని. ఈ జిల్లాలో నాకు తెలియని ప్లేయర్ లేడు."

"ఒకడున్నాడు మరి. పంతొమ్మిదేళ్ళు ఒకే క్లబ్‌కి ఆడాడు. చెరుకున్ను బ్రదర్స్. ఇవాళే రిటైరయ్యాడు." చెబుతుంటే నా గొంతు వణికింది. నాకే సిగ్గేసింది.

"ఆ పేరుతో క్లబ్బే లేదు. మీరు నన్ను ఆటపట్టిస్తున్నారా?"

"లేదంటావేంటే షిఫ్నా!" లోపలి నుంచి ఒక గొంతు ఉరిమింది. వాళ్ళ నాన్న, షాపు యజమాని బీరాన్‌కాక (పెద్దవాళ్ళని మా వైపు కాక అంటాం), లుంగీ ఎగ్గట్టుకుంటూ బయటికొచ్చాడు. "అల్వారో కుట్టి తెలియదూ? కొండోట్టి కుర్రాడు! అరీకోడ్ సెవెన్స్ టోర్నమెంట్లో వాడి ఆట చూశాను నేను. ఏం ఎడమకాలు అది! కొడితే వల చిరిగిపోయేది!"

మలప్పురం జిల్లాలో మనిషి దేన్నైనా తెలియదంటాడు గాని ఫుట్‌బాల్ ఆటగాణ్ణి తెలియదనడు. అది పరువుకి సంబంధించిన విషయం.

నిజమేమిటంటే, అల్వారో కుట్టి నా లాప్‌టాప్‌లో ఉంటాడు. ఏడేళ్ళ క్రితం కాలేజీలో ఉండగా ఒక ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో కెరీర్ మోడ్ మొదలుపెట్టాను. చెరుకున్ను బ్రదర్స్ అని నేనే ఒక క్లబ్ సృష్టించి, నేనే దానికి మేనేజర్‌నయ్యాను. ఆటలో నలభై సీజన్లు, అంటే నలభై ఏళ్ళు గడిచాయి. పాతవాళ్ళు రిటైరవుతుంటే గేమే కొత్త ఆటగాళ్ళని పుట్టిస్తుంది. పేర్లు కూడా అదే పెడుతుంది. స్పెయిన్ నుంచి ఒక ముక్క, మలప్పురం నుంచి ఒక ముక్క తెచ్చి అతికిస్తే అల్వారో కుట్టి అయ్యాడు.

ఆ మాట అప్పుడే చెప్పేసి ఉంటే ఈ గొడవే లేదు. కాని కాక "ఎడమకాలు" అన్నాడు. అల్వారో కుట్టిది నిజంగానే ఎడమకాలు! నోరు జారి, "అవును కాకా, ఎడమకాలే," అనేశాను.

కాక కూతురి వైపు గర్వంగా చూశాడు. "చూశావా?"

*

జూన్ నెల. వానలకి, జట్టుకి ఏడుగురు ఆడే సెవెన్స్ మ్యాచ్‌లన్నీ ఆగిపోయి, మాట్లాడుకోవడానికి ఏమీ లేక ఊరంతా నోరు కట్టేసుకుని కూర్చుంది. అలాంటి ఊళ్ళో అల్వారో కుట్టి పడ్డాడు.

మర్నాటికి పక్కనే టీ కొట్టు సైదాలి, "పెనాల్టీ కొట్టే ముందు నా చేతి సులైమాని టీ తాగందే కదిలేవాడు కాదు," అంటున్నాడు. రిటైర్డ్ హెడ్మాస్టరుగారు వాడికి ఏడో క్లాసులో లెక్కలు చెప్పారట. లెక్కల్లో సున్నా, కాని మంచి పిల్లాడట.

మూడో రోజు బీరాన్‌కాక షాపు ముందు ఇరవై అడుగుల ఫ్లెక్సీ లేచింది. "వీరుడా, వందనం! ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆడిటోరియంలో సన్మానం." ఫొటో లేదు. నన్నడిగితే ఆయనకి ఫొటోలంటే సిగ్గన్నాను. అందుకని నా పసుపు జెర్సీని బొమ్మకి తొడిగి, వెనక నుంచి ఫొటో తీసి వేశారు. షాపులో ఆ బొమ్మకి తల లేదు. ఫ్లెక్సీలోనూ లేదు. ఎవరికీ అభ్యంతరం కూడా లేదు.

సన్మాన పత్రం రాసే పని షిఫ్నాకి అప్పగించారు. వివరాలు చెప్పే పని నాది. రోజూ లంచ్ టైములో అదే కౌంటర్, అదే వాన.

"వాళ్ళమ్మ ఉందా?" అని అడిగింది మొదటి రోజు.

ఏడేళ్ళలో నాకెప్పుడూ రాని ప్రశ్న. "ఉంది," అన్నాను. "కొడుకు ఆట చూడ్డానికి భయం ఆవిడకి. మ్యాచ్ ఉన్న రోజు రేడియో కూడా కట్టేస్తుంది."

"అయ్యో! గోల్ కొడితే ఎలా తెలుస్తుంది?"

"పక్కింటివాళ్ళ కేకల్ని బట్టి."

షిఫ్నా నవ్వింది. నవ్వితే ఎడమ బుగ్గ మీద మాత్రమే సొట్ట పడుతుంది. ఆ తర్వాత నేనేం చెప్పానో నాకే గుర్తులేదు.

"మ్యాచ్‌కి ముందు ఏం తింటాడు? ఓడిపోతే ఏడుస్తాడా? ఎవరినైనా ప్రేమించాడా?" రోజుకో ప్రశ్న. ఇంటికెళ్ళి అల్వారో కుట్టి పాత మ్యాచ్‌లన్నీ తిరగేసేవాణ్ణి. తన పదిహేడో సీజన్లో గాయంతో నాలుగు నెలలు కూర్చున్నాడని అప్పుడు చూశాను. అన్నాళ్ళూ నేను గమనించనే లేదు.

గురువారం నాడు పెన్ను పట్టుకుని, "పుట్టిన సంవత్సరం?" అంది.

బుగ్గ మీద సొట్ట చూస్తున్నాను నేను. "రెండు వేల ఇరవై," అన్నాను.

"రెండు వేల ఇర..." పెన్ను ఆగింది. మెల్లగా తలెత్తింది. "ఒకటో క్లాసులో చేరాల్సినవాడు రిటైరయ్యాడా?"

నేను గొడుగు కోసం వెతికాను.

"అజ్నాస్! కూర్చో అక్కడ. నిజం చెప్పు."

మీరు నుంచి నువ్వుకి దిగిపోయింది. నాకు మాత్రం మెట్టెక్కినట్టే అనిపించింది. అంతా చెప్పేశాను. విని, షిఫ్నా కౌంటర్ మీద తల పెట్టి, భుజాలు కదిలేలా నవ్వింది. తర్వాత లాప్‌టాప్ తెమ్మంది. వాళ్ళ నాన్న నమాజుకి వెళ్ళిన టైములో తెచ్చి చూపించాను.

"నలభై సీజన్లు, ముప్పై ఒక్క కప్పులు," అన్నాను ఛాతీ విరుచుకుని.

"అబ్బో! ఏడేళ్ళు ఒకే ఆట! విసుగు రాదూ?"

నిజాయితీ అనే జబ్బు అవసరం లేనప్పుడే వస్తుంది నాకు. "చచ్చేంత విసుగు," అన్నాను. "గెలవడం అలవాటైపోయింది కదా. ఇప్పుడు బటన్ నొక్కేసి అరటికాయ చిప్స్ తింటూ కూర్చుంటా. అదే గెలుస్తుంది."

షిఫ్నా మొహంలో నవ్వు కొంచెం తగ్గింది. "అంటే, దొరికేవరకే నీకు సరదా అన్నమాట. దొరికాక విసుగు."

"విసుగొస్తే మందుంది!" అన్నాను హుషారుగా. "అందరూ చేసేదదే. క్లబ్ మార్చేయడం! ఇదుగో చూడు." ఆమె కళ్ళముందే రాజీనామా బటన్ నొక్కి, పట్టికలో అట్టడుగున ఉన్న ఇంకో క్లబ్‌లో చేరిపోయాను. "చూశావా? మళ్ళీ కొత్తగా ఉంటుంది!"

మెచ్చుకుంటుందని చూశాను. షిఫ్నా నన్ను, చూపు పరీక్షలో పెద్ద అక్షరం కూడా చదవలేని మనిషిని చూసినట్టు చూసింది.

"ఏడేళ్ళు ఉన్నదాన్ని ఒక్క నొక్కుతో వదిలేశావు. రేపు నా గతీ..." అని పెదవి కొరుక్కుంది. "ఏమీ లేదు. మా నాన్న అల్వారో కుట్టిని కళ్ళారా చూశానని ఊరంతా చెప్పాడు. ఆయన పరువు ఆదివారం దాకా నీ చేతిలో ఉంది. అది కాపాడు. ఆ తర్వాత నాతో మాట్లాడక్కర్లేదు."

రోడ్డు సగం దాటాక గాని "నా గతీ" అన్న ముక్క నా బుర్రకెక్కలేదు. నడిరోడ్డు మీద నిలబడిపోయాను. బస్సువాడు నన్నూ మా వంశాన్నీ తిట్టాడు. ఆ అమ్మాయి నా గురించి ఆలోచించింది. ఆలోచిస్తున్న టైములోనే నేను రాజీనామా బటన్ నొక్కాను. నా అంత మొద్దు మలప్పురం జిల్లాలో మరొకడు ఉండడు.

*

శనివారం పొద్దున బీరాన్‌కాక జెర్సీల మీద నంబర్లు అతికిస్తున్నాడు.

"కాకా, అల్వారో కుట్టి రాడు."

"ఏం?"

"లేడు కనక."

"పోయాడా!" కాక చేతిలోంచి తొమ్మిదో నంబరు జారింది.

"పుట్టలేదు కాకా."

కాక మెషీన్ ఆపేసి అటూ ఇటూ చూశాడు. "గొంతు తగ్గించు. నాకు బుధవారమే తెలుసు. ఫోన్లో వెతికితే వాడూ లేడు, వాడి క్లబ్బూ లేదు."

"మరి చెప్పలేదే?"

"ఏమని చెప్పను? సైదాలి టీ ఇచ్చాడు, హెడ్మాస్టరు లెక్కలు చెప్పాడు. వాళ్ళందర్నీ అబద్ధాలకోర్లని చెయ్యనా?" కింద పడ్డ తొమ్మిదో నంబరు తీసి దులుపుతూ అన్నాడు. "నాకు అరవై నాలుగేళ్ళు. ఫుట్‌బాల్ విషయంలో నా మాట మీద ఈ ఊళ్ళో ఎవడూ మాట్లాడడు. అదొక్కటే నా ఆస్తి బాబూ."

నాకు తల కొట్టేసినట్టయింది. లాప్‌టాప్ ఆట సంగతీ, అందులో మేనేజర్ని నేనేనన్న సంగతీ చెప్పేశాను. "అయితే రేపెలా?"

"దోహా వెళ్ళాడని చెబుదాం. నిన్నటి ఫ్లైటుకి."

మా వైపు అంతకంటే గట్టి జవాబు లేదు. కనిపించని మనిషి గల్ఫ్‌లో ఉన్నాడంటే, "ఏ కంపెనీ?" అని తప్ప రెండో ప్రశ్న రాదు.

"శాలువా ఎవరికి కప్పుతారు?"

"మేనేజర్ నువ్వే కదా," అన్నాడు కాక. "మంచి చొక్కా వేసుకుని రా."

*

ఆదివారం ఆడిటోరియం నిండిపోయింది. అల్వారో కుట్టి దోహా వెళ్ళాడని కాక ప్రకటించగానే జనం నిట్టూర్చారు. వాణ్ణి ఎయిర్‌పోర్టులో తనే దింపానని వెనక నుంచి ఎవరో అన్నారు కూడా.

నాకు శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో షిఫ్నా చేతులు కట్టుకుని కూర్చుంది. 

"నేను అల్వారో కుట్టికి మేనేజర్ని," అన్నాను. "మంచి మేనేజర్ని కాదు. పంతొమ్మిదేళ్ళు అతని గోల్స్ లెక్కపెట్టాను గాని, అతన్ని చూడలేదు. వాళ్ళమ్మ రేడియో కట్టేస్తుందని కూడా నాకు తెలియదు. ఈమధ్య ఒకరు రోజుకో ప్రశ్న అడిగితే, ఇంటికెళ్ళి మొదటిసారి చూశాను. ఏడేళ్ళలో రాని సరదా ఆ నాలుగు రోజుల్లో వచ్చింది. అయినా బుద్ధి లేక, విసుగుపుట్టిందని క్లబ్ వదిలేశాను."

హాలంతా "అయ్యో" అంది.

"ఆ రోజే తప్పు తెలిసింది. మళ్ళీ తీసుకోమని నా పాత క్లబ్‌ని అడిగాను. కాదన్నారు. మళ్ళీ అడిగాను. పద్నాలుగు సార్లు అడిగాను, పద్నాలుగు సార్లూ కాదన్నారు. ఇంకా అడుగుతాను. కప్పులు వద్దు. అన్నీ ఓడిపోయినా సరే, అక్కడే ఉంటాను."

సైదాలి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "క్లబ్ మీద ప్రేమంటే అదిరా!" అని అరిచాడు. చప్పట్లతో హాలు మోగిపోయింది. మూడో వరసలో మాత్రం చప్పట్లు లేవు. షిఫ్నా కుర్చీ ఖాళీగా ఉంది.

బయటికొచ్చేసరికి కుండపోత వాన. శాలువా నెత్తిన కప్పుకుని పరిగెత్తి జెర్సీల షాపు చూరు కింద నిలబడ్డాను. షిఫ్నా అక్కడే ఉంది. నావైపు చూడకుండా వానవైపు చూస్తోంది.

"నాన్న పరువు నిలబెట్టావు. థాంక్స్."

"మాట్లాడక్కర్లేదన్నావుగా?"

"నేను నీతో మాట్లాడనని అనలేదు."

 చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "నిజంగా పద్నాలుగు సార్లు అడిగావా?" అంది.

"నిజంగానే. కావాలంటే లాప్‌టాప్ తెస్తా."

"లాప్‌టాప్ తెస్తే రోడ్డు మీద పగలగొడతాను." ఇప్పుడు నావైపు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి, కోపంగానూ ఉన్నాయి. "అసలు లేనే లేని క్లబ్‌ని పద్నాలుగు సార్లు అడిగావు. ఎదురుగా ఉన్న నన్ను ఒక్కసారైనా అడిగావా?"

 "షిఫ్నా, నువ్వంటే నాకు ప్రాణం. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఆమె తల దించుకుంది. ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది. జవాబు మాత్రం రాలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. వాన చూరు మీద టపటపా కొడుతోంది.

ఆడిటోరియం నుంచి ఎప్పుడొచ్చాడో గాని, షాపు లోపలి నుంచి బీరాన్‌కాక గొంతు వినిపించింది.

"త్వరగా సరే అనవే తల్లీ, షట్టరు దించాలి!"