గంటన్నర దూరపు మనిషి

విమానంలో కిటికీ పక్కనున్న తన సీట్లో ఎవరో దర్జాగా కూర్చుని ఉండటం చూసి కలీనాకు ఒళ్ళు మండింది.

"అది నా సీటు. కాస్త లేస్తారా?"

అతను చెంప మీద చెయ్యి వేసుకుని ఊరికే చూశాడు.

"నోరు విప్పితే ముత్యాలు రాలతాయా?"

అతను చెయ్యి తీశాడు. చెంప బన్నులా వాచి ఉంది. "పన్ను పీకారు" అన్నాడు ముద్దముద్దగా. కలీనా నవ్వాపుకుంటూ పక్క సీట్లో కూర్చుంది.

అతని పేరు టోర్గెయిర్, ఊరు నార్వేలో బెర్గెన్. పడవలు బాగుచేస్తాడు. పంటి వైద్యం చవకని పోలండ్‌లోని గ్దాన్‌స్క్‌కు వచ్చి, తిరిగి వెళ్తున్నాడు. కలీనాది గ్దాన్‌స్కే. బెర్గెన్‌లో ఉన్న అక్క దగ్గరికి బయలుదేరింది. దిగేసరికి అక్కడ మామూలుగానే వాన. అతని గొడుగు ఇద్దరికీ చాలక ఇద్దరూ తడిశారు.

రెండు ఊళ్ళ మధ్యా వెయ్యి కిలోమీటర్ల పైమాటే. విమానంలో గంటన్నర దాటి కొంచెం. అయినా కలీనాను చూడటానికి టోర్గెయిర్ నెలనెలా గ్దాన్‌స్క్ వచ్చేవాడు.

"పళ్ళన్నీ బాగయ్యాయిగా, ఇంకా ఎందుకొస్తున్నావ్?"

"నోట్లో ఇంకా చాలా ఉన్నాయిలే."

కలీనా తల్లి జాద్విగా మాత్రం పెదవి విరిచేది. "గంటన్నరలో వచ్చేవాడు గంటన్నరలోనే పోతాడే. వాడికి నీ విలువేం తెలుస్తుంది?"

జాద్విగా పేరుపండగ, అంటే ఆ పేరున్నవాళ్ళంతా పుట్టినరోజులా జరుపుకునే రోజు, శనివారం. మధ్యాహ్నం భోజనానికి అతన్ని పిలిచారు. గురువారం ఉదయం అతని నుంచి మెసేజ్ వచ్చింది: "పొగమంచు. విమానం రద్దు. మళ్ళీ మంగళవారమేనట."

తల్లి ముఖం చూడలేక కలీనాకు ఉక్రోషం ముంచుకొచ్చింది. "సరే, నీ పళ్ళు జాగ్రత్త" అని మెసేజ్ కొట్టి ఫోన్ ఆపేసింది.

శనివారం బీట్‌రూట్ సూపు వడ్డిస్తుంటే తలుపు చప్పుడైంది. గుమ్మంలో టోర్గెయిర్. మాసిన గడ్డం, నలిగిన కోటు, చేతిలో వాడిపోయిన పూలు.

"విమానం లేదన్నావుగా?" అంది కలీనా.

"రైల్లో ఓస్లో వచ్చాను. అక్కణ్ణించి బస్సులో స్వీడన్ దాటి ఓడెక్కాను. ఎన్నిసార్లు ఫోన్ చేశానో, నీది పలకలేదు."

"మంగళవారం రావచ్చుగా బాబూ?" అంది జాద్విగా.

"పండగ ఇవాళ కదండీ." కోటు విప్పుతూ, "నిజం చెప్పాలంటే నాకు ఓడే హాయి. విమానమెక్కితే కాళ్ళు వణుకుతాయి" అన్నాడు.

"మరి నెలనెలా అందులోనే వచ్చావుగా?" అంది జాద్విగా.

"తనని తొందరగా చూడొచ్చని."

జాద్విగా తన కుర్చీ అతనికి జరిపి, గిన్నె నిండా సూపు పోసింది.

కలీనా పూలు నీళ్ళలో పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. తన కోసం ఒక మనిషి ఇంత దూరం శ్రమపడి వచ్చాడు. ఆ పొగమంచుకు మనసులోనే దణ్ణం పెట్టుకుంది. వెనకాలే వచ్చిన టోర్గెయిర్ ఆమె చెవిలో ఏదో గొణిగాడు.

"అడిగేదేదో గట్టిగా అడుగు బాబూ" అని ముందు గదిలోంచి జాద్విగా గొంతు. "నేనూ వినాలి."

అతను గొంతు సవరించుకున్నాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటావా, కలీనా?"

"చేసుకుంటాను" అంది, అమ్మకు వినబడేలా.