పంపు ఏ దిక్కున ఉంది?

స్వర్ణలత పోపు వేసే వేళకే ఢిల్లీ ప్రొఫెసర్ గారి ఉపన్యాసం మొదలైంది. నాచారంలోని ఆ రెండో అంతస్తు ఇంట్లో ప్రొఫెసర్లందరికీ ఒకటే చోటు, కందిపప్పు డబ్బాకు ఆనించిన ఫోను. కెమెరా కట్టేసి ఉంటుంది, మైకు కట్టేసి ఉంటుంది. ఆయన కొత్త బోధనా పద్ధతుల గురించి ఇంగ్లిషులో చెప్పుకుపోతుంటే ఇటు మూకుట్లో ఆవాలు చిటపటలాడుతుంటాయి.

గుమ్మం దగ్గర పీట వేసుకుని గోంగూర తెంపుతున్న అత్తగారు ఉప్పలమ్మ చెవి అటే వేసింది.

"ఈ సారు నిన్నటాయన లెక్క గాదు బిడ్డా. జర మెల్లగ మాట్లాడ్తుండు. నిద్రొస్తుంది."

"మీకు నిద్రొస్తే ఏంగాదు అత్తమ్మా. నాకొస్తే కూర మాడ్తది."

స్వర్ణలత ఉప్పల్ వైపు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. కాలేజీ పంతుళ్లు కూడా ఎప్పటికప్పుడు కొత్తవి నేర్చుకుంటూ ఉండాలని పైవాళ్ల నియమం. మంచి నియమమే. కానీ కరోనా రోజుల్లో ఆ శిక్షణలన్నీ ఫోన్లోకి దిగాయి, దిగినవి మళ్లీ పైకి ఎక్కలేదు. క్లాసు చివర ఒక లింకు వస్తుంది. అది నొక్కి పేరూ ఊరూ నింపితే సర్టిఫికెట్టు వచ్చేస్తుంది. నొక్కే పని భర్త ఉపేందర్‌ది. నొక్కడంతో ఆగడు. దాన్ని రంగుల్లో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, హాల్లో గోడకు కొడతాడు. అలా గోడ నిండిపోయి వాళ్ల పెళ్లి ఫోటో బీరువా మీదికి చేరింది. చుట్టాలెవరొచ్చినా ముందు ఆ గోడ చూడాల్సిందే, ఆ తరువాతే మంచినీళ్లు.

టిఫినుకు ముందు ఇంకో పని ఉంది. స్వర్ణలత చేతులు కడుక్కుని ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ సీసా తీసింది. ఉప్పలమ్మకు షుగరు. చూపు ఆనదు, చేతులు వణుకుతాయి, అందుకని రోజూ కోడలే సూది వేయాలి. స్వర్ణలత సీసా మూత తీయగానే ఉపేందర్‌కు బాల్కనీలో ఏదో పని గుర్తొస్తుంది. ఈ రోజు కూడా కింద బండి ఉందో లేదో చూడ్డానికి వెళ్లాడు. బండి ఎప్పటిలాగే అక్కడే ఉంది.

లోపలికొచ్చి ఇడ్లీ పళ్లెం ముందు కూర్చుంటూ, తీపి కబురు చెప్తున్నట్టు మొదలుపెట్టాడు.

"స్వర్ణా, నీ నెత్తి మీది బరువొకటి హల్క చేసిన. నువ్వు తానం చేస్తుంటే విశాఖపట్నం నుంచి మేడం ఫోన్ చేసింది. ట్రైనింగ్‌కు వస్తున్నరా రారా, గట్టిగ చెప్పమన్నది. మా ఇంట్ల మనిషికి బాగలేదు, మా మేడం ఆన్‌లైన్ల చేస్తది అని చెప్పేసిన."

స్వర్ణలత చేతిలోని చట్నీ గిన్నె అలాగే ఉండిపోయింది.

"ఏం చెప్పిన్రు?"

"ఆన్‌లైన్ల అన్న. ఏమైంది?"

ఏమైందో ఈ పెద్దమనిషికి ఎలా చెప్పాలి? విశాఖలోని ఆ పరిశోధన సంస్థ కాలేజీ పంతుళ్లకు రెండు వారాల పాటు ల్యాబులోనే, యంత్రాల మీదనే శిక్షణ ఇస్తుంది. కాలేజీకి ఒక్కరికే అవకాశం. ఎన్నేళ్లుగానో అడగ్గా అడగ్గా ప్రిన్సిపాల్ నరసింహమూర్తి గారు ఈసారి ఆమె పేరు పంపారు. ఇంట్లో చెబితే వారం రోజులుగా ఉపేందర్ "సూద్దాం, సూద్దాం" అంటూ వచ్చాడు. ఆ చూద్దాం ఇలా తేలింది.

ఆమె వంటింట్లోకి వెళ్లి పొయ్యి కట్టేసింది. పక్కనే మాట్లాడుతున్న ఢిల్లీ ప్రొఫెసర్ గారినీ కట్టేసింది. ఆ ఇంట్లో ఓ ప్రొఫెసర్ గారి నోరు మధ్యలో మూతపడటం అదే మొదటిసారి.

"నన్నడగకుంట ఎట్ల చెప్తరు?" అంది బయటికొచ్చి.

"అరే, సర్టిఫికెట్ అయితే గదే గద స్వర్ణా! రెండు వారాలు ఇల్లిడిసిపెట్టి ఆడికి వొయ్యి తెచ్చినా గదే కాయితం, ఈడ పప్పు ఉడకబెట్టుకుంట తెచ్చినా గదే కాయితం."

"నాకు కాయితం వద్దు."

"మరేం గావాలె?"

"ఆ మిషన్ కావాలె. దాని మీద చెయ్యి పెట్టాలె." ఆమె అక్కడితో ఆగలేదు. "తిరుపతి యాదికున్నడా మీకు? పోయినేడు మా కాలేజీ ఫస్టు. స్వీట్లు పట్టుకొని మనింటికొచ్చిండు."

"ఉన్నడు. బక్కపిలగాడు."

"పోయిన నెల మన వెనక ఇండస్ట్రియల్ ఏరియాల మందుల కంపెనీకి ఇంటర్వ్యూకు వొయ్యిండు. గోలిల ఏమేమున్నయో ఇడగొట్టి చూపే మిషన్ ఉంటది, హెచ్‌పీఎల్‌సీ అని. ఇన్నేండ్లసంది బోర్డు మీద దాని బొమ్మ గీసి నేనే చెప్తున్న. ఎడమ దిక్కు సీసా, దాని పక్కన పంపు, ఆ పక్కన గొట్టం. ఆ పిలగాన్ని మిషన్ ముంగట నిలబెట్టి పంపు చాలు చెయ్యమన్నరు, నడిపి చూపమన్నరు. వాడు ఎడమ దిక్కు దేవులాడిండు. ఆడ ఎడమ లేదు, కుడి లేదు. టిఫిన్ డబ్బా గిన్నెల లెక్క ఒకదాని మీద ఒకటి పెట్టెలు పేర్చి ఉన్నయంట. పంపు కిందెక్కడ్నో ఉన్నదంట. అందరు నవ్విన్రు."

ఉపేందర్ ఇడ్లీ ముక్క పళ్లెంలోనే వదిలేశాడు.

"నా దగ్గరికొచ్చి నన్నేమన్న అన్నడా? అనలే. 'మీ పేరు ఖరాబు చేసిన మేడం, మాఫ్ చెయ్యున్రి' అన్నడు. నాకు మాఫీ చెప్పుకున్నడు! ఎట్ల చెప్పాలె వానికి, నేను సుత ఆ మిషన్‌ను ఎన్నడు చూడలేదని?"

కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. ఎదుట గోడ మీద లామినేషన్ కాగితాలు తళతళలాడుతున్నాయి. ఒక్కొక్కటీ ఏ కూర వండిన పూట వచ్చిందో ఆమె చెప్పగలదు గానీ, అందులో ఏం నేర్చుకుందో అడిగితే మాత్రం చెప్పలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు సిగ్గుగా ఉంది.

"మరి అమ్మ సంగతేంది?" అన్నాడు ఉపేందర్, గొంతు పెంచి. "ఇంట్ల ముసలామె ఉన్నది. రోజు సూది. నువ్వు వోతే ఎవరేస్తరు?"

"మీరు."

"నాకు ఫ్యాక్టరీ ఉంటది."

"ఫ్యాక్టరీకి వొయ్యే ముందే ఏస్తున్న గద నేను! నాకు కాలేజీ లేదా?"

"నాతోని కాదు."

"ఎందుకు కాదు?"

"కాదంటే కాదు!"

ఉప్పలమ్మ గోంగూర కాడలు పక్కకు నెట్టి నిదానంగా అంది.

"వానికి సూదంటే భయం బిడ్డా. చిన్నప్పుడు బడికి టీకాలేసేటోల్లొస్తే గోడ దుంకి ఉరికెటోడు. ఇప్పుడు నువ్వు సీసా తీస్తే బాల్కనీలకు ఉరుకుతడు. నాకు కండ్లు కానరాకున్నా గది కానొస్తది."

ఉపేందర్ మొహం ఎర్రబడింది. ఫ్యాక్టరీలో పాతికమంది కార్మికుల మీద సూపర్‌వైజరు, వేడి అచ్చుల్లోంచి ప్లాస్టిక్ సామాను లాగించే మనిషి, తల ఎత్తలేకపోయాడు. స్వర్ణలతకు మొదట ఒళ్లు మండింది. సూది భయానికి నా విశాఖపట్నం ఎగరగొట్టాడా అనుకుంది. అనుకుని, ఆ వంచిన తల చూసి, మాట మింగేసింది.

"ఒకటి అడుగుత చెప్పు కొడుకా," అంది ఉప్పలమ్మ. "మీ కంపెనోళ్లు కొత్త మిషన్ నేర్సుకొనొస్తవని నిన్ను కోయంబత్తూరు పంపిన్రు. అప్పుడు నీ కొడుకు చంటోడు, ఈమెకు కాలేజీల పరీక్షల డ్యూటీ. వోవద్దని అన్నదా ఈ పిల్ల?"

ఆ చంటివాడు ఇప్పుడు వరంగల్‌లో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. అప్పుడు వద్దని ఎవరూ అనలేదని ఉపేందర్‌కూ తెలుసు.

స్వర్ణలత ఇక ఎవరి మాటకూ ఆగదలచుకోలేదు. ఫోను తీసి, వాళ్లిద్దరి ముందే విశాఖపట్నం నంబరు కలిపింది.

"అయ్యో, మీవారు రారని చెప్పేశారు కదండీ," అంది అవతల కోఆర్డినేటరు ఛాయాదేవి. "ఆ సీటు వెయిటింగ్‌లో ఉన్న కాకినాడ కాలేజీవాళ్లకి చెప్పేశాం. సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్తామన్నారు."

"వాళ్లు వస్తమంటే సీటు వాళ్లకే ఇవ్వండి మేడం. అయినా నేను వస్త. వెనక నిలబడి చూస్త. ఉండనీకి గది ఇవ్వకున్నా సరే, ఊర్లో నేనే చూసుకుంట. ఇప్పుడు మాత్రం నా పేరు కొట్టెయ్యకండి."

"సాయంత్రం చేస్తానండి," అంది ఛాయాదేవి.

ఉపేందర్ టిఫిను డబ్బా తీసుకుని మెట్లు దిగాడు. స్వర్ణలత కూడా కాలేజీకి వెళ్లింది. ఆ రోజు పాఠం ఖర్మ కొద్దీ ఆ యంత్రమే. సుద్దముక్క పట్టుకుని ఎప్పటిలాగే ఎడమ వైపు సీసా బొమ్మ గీయబోయి ఆగింది. వెనక్కి తిరిగి, "ఈ పాఠం వచ్చే నెల చెప్త. నేను చూసొచ్చినంక చెప్త," అంది. పిల్లలు తెల్లబోయారు. సీటు ఇంకా ఆమెది కాదు, అయినా ఆ మాట నోరు జారి అన్నది కాదు, కావాలనే అంది.

సాయంత్రం కాలేజీ గేటు దాటుతుండగా ఫోను మోగింది.

"కాకినాడవాళ్లు రామన్నారండి. సీటు మీదే," అని ఛాయాదేవి నవ్వింది. "కానీ ఒక్క మాట. ఇందాక మీవారు మళ్లీ ఫోన్ చేశారు. నాకు తల తిరిగిపోయింది, మళ్లీ ఏం చెప్తారో అని. 'తప్పు నాది మేడం, మా ఇంటామెను ఎట్లన్న చేసి తీసుకోండి' అని బతిమాలారు. మీరిద్దరూ కలిసి ఏదో ఒకటే చెప్పండి బాబూ!"

స్వర్ణలత రోడ్డు మీదే నవ్వింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఉప్పల్ నుంచి వచ్చే షేర్ ఆటోలు ఆగి ఆగి వెళ్తున్నాయి. దుకాణం ముందు బుట్టలో బత్తాయిలు కనబడితే ఏదో తోచి సంచీ నిండా కొనుక్కుంది.

ఇంట్లో ఉపేందర్ అప్పటికే వచ్చి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నేను రోజు చూస్తనే ఉన్న గద స్వర్ణా, నువ్వెట్ల ఏస్తవో," అన్నాడు మెల్లగా. "బాల్కనీ తలుపు సందుల్నుంచి. అంతా తెలుసు నాకు. చెయ్యి మాత్రం లేవదు."

"చూస్తే రాదు," అంది స్వర్ణలత. "నాకు ఇన్నేండ్లు చూసినా రాలే. కూసొండి."

పళ్లెంలో బత్తాయి పెట్టింది. ఉత్త సూదిలో మంచినీళ్లు ఎక్కించి అతని చేతికిచ్చింది. సీసాను అరచేతుల మధ్య దొర్లించడం, గీత దగ్గర ఆపడం, కడుపు మీద చర్మం కొంచెం పట్టుకోవడం, నిటారుగా దించడం, పదంకెలు లెక్కపెట్టి తీయడం, ఒక్కొక్కటీ క్లాసులో చెప్పినట్టే చెప్పింది. మొదటి సూది బత్తాయిలో దిగలేదు, పళ్లేనికి తగిలింది. రెండోసారి ఉపేందర్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"కండ్లు తెర్వున్రి! బత్తాయి మిమ్మల్నేం జెయ్యదు."

ఉప్పలమ్మ పీట మీద కూర్చుని కడుపుబ్బ నవ్వింది. "నా కడుపును కాపాడు తల్లీ," అని పైకి దండం పెట్టింది. ఉపేందర్‌కు కూడా నవ్వొచ్చింది. ఆ వారమంతా ఆ ఇంట్లో సూది దిగని బత్తాయి లేదు. చివరికి ఒక ఉదయం స్వర్ణలత పక్కన నిలబడి ఉండగా అతను అమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నుదుటి నిండా చెమట. చెయ్యి సూది దాకా వచ్చి వెనక్కి పోయింది. స్వర్ణలతే వేసింది.

"నువ్వు పో," అన్నాడు అతను తల పక్కకు తిప్పుకుని. "నువ్వుంటే నువ్వేస్తవని ఉంటది. లేకుంటే నేనే ఎయ్యాలె గద."

ఆ మాటను నమ్ముకుని ఆమె రైలెక్కింది. రాత్రంతా కునుకు పట్టలేదు. తెల్లవారి విశాఖపట్నంలో దిగి, గదిలో సామాను పెట్టి, ల్యాబుకు నడిచే దారిలో పదిసార్లు ఫోను తీసింది, పదిసార్లు లోపల పెట్టింది. సూది సంగతి అడిగితే తడబడతాడేమో. అడక్కపోతే తన ప్రాణం ఊరుకోవడం లేదు.

ల్యాబు తలుపు తీశారు. బల్ల మీద అదిగో, ఒకదాని మీద ఒకటి పేర్చిన పెట్టెలు. ఇన్నేళ్లు తాను బోర్డు మీద పడుకోబెట్టి గీసింది ఇక్కడ నిలబడి ఉంది. "ముందు ఎవరు స్టార్ట్ చేస్తారండీ?" అని ఛాయాదేవి అడిగింది. పంతుళ్లంతా తమ పిల్లల్లాగే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్వర్ణలత చెయ్యెత్తింది. కింది పెట్టె మీట నొక్కితే సన్నగా ఒక చప్పుడు మొదలై, ఆమె వేళ్ల కింద యంత్రం మెల్లగా అదిరింది.

టీ వేళ ఫోను మోగింది. ముందు ఉప్పలమ్మ గొంతు.

"బిడ్డా, వీడు ఇయ్యాల పొద్దటి పూట సెలవు పెట్టిండు. మీదికెల్లి దేవునికి మొక్కుతుండు, కిందికెల్లి చెయ్యి వణుకుతుంది. ఎప్పుడేస్తడా అని నేను సూస్తనే ఉన్న. 'అయ్యిందమ్మా' అన్నడు. నాకు తెల్వనే తెల్వలే!"

స్వర్ణలత గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అవతల ఫోను చేతులు మారింది.

"కండ్లు తెరిచే ఏసిన స్వర్ణా," అన్నాడు ఉపేందర్. గొంతులో బడిపిల్లవాడి గర్వం. "ఆ మిషన్‌కు పంపు ఏ దిక్కున్నది?"

గోడ నిండా సర్టిఫికెట్లు కొట్టిన ఇన్నేళ్లలో, ఏం నేర్చుకున్నావని అతను ఆమెను అడగడం ఇదే మొదటిసారి.

"కిందున్నదండీ," అంది స్వర్ణలత, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "తిరుపతి చెప్పినట్టే, కిందనే ఉన్నది. నేనే చాలు చేసిన."