ఇంట్లో ఎంతమంది అని అడిగితే

రండమ్మా, కూర్చోండి. ఆ గుడ్డలు పక్కకి తోసేయండి, అన్నీ పరదాలే. కుట్టుపని చేసే ఇల్లు ఇలాగే ఉంటుంది. పక్కిల్లు మీరే తీసుకుంటున్నారట కదా! సరస్సు ఒడ్డున చిన్న ఊరు, గాలి మంచిది, గొడవ లేదు, బాబుకి బాగుంటుందని వస్తున్నారు. మేమూ అలాగే వచ్చాం. ఊరు మారేముందు ఏమేం చూసుకోవాలో చెప్పమన్నారు కనక చెబుతున్నాను. నీళ్లు బాగుంటాయి. గోడలకి చెమ్మ ఎక్కువ, బీరువా గోడకి ఆనించి పెట్టకండి. కిటికీలకి మందపాటి పరదాలు వేయించుకోండి, నా దగ్గరే కుట్టించుకోవాలనేం లేదు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది ఇంకొకటుంది. టీ చల్లారకముందే తాగేయండి, చెబుతాను.

ఆరేళ్ల కిందట మా ఆయనకి ఇక్కడి పంపుహౌసులో ఉద్యోగమొచ్చింది. అప్పుడు మేం ముగ్గురం. నేను, ఆయన, మా బుడంకాయ. ఏడేళ్లది. పొట్టిగా, గుండ్రంగా ఉండేదని ఆయనే పెట్టాడా పేరు. ఇక్కడ ఊరి ఆఫీసువాళ్లే ఇళ్లిస్తారు, మీకు తెలుసుగా. ముగ్గురుంటే రెండు గదులు, నలుగురుంటే మూడు. నాకేమో కుట్టుమిషనుకి ఒక గది కావాలి. వంటింట్లో కుడితే పరదాలన్నీ ఉల్లిపాయ వాసన కొడతాయి, ఎవరు కొంటారు చెప్పండి?

ఆఫీసులో గుమాస్తా పెద్దాయన. నెమ్మదిగా మాట్లాడతాడు. "ఇంట్లో ఎంతమందమ్మా?" అన్నాడు.

నా నోరు ఊరుకుంటుందా! "నలుగురమండీ. పెద్దమ్మాయి హాస్టల్లో ఉంది. పదకొండేళ్లు. తర్వాత వస్తుంది" అనేశాను.

మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కాడు. గుమాస్తా కలం ఆపి నా మొహంలోకి చూశాడు. "నిజంగా వస్తుందా?"

"ఎందుకు రాదండీ!" అన్నాను. రాసుకున్నాడు.

బయటికొచ్చాక మా ఆయన పడీపడీ నవ్వాడు. "ఏమే, నాకు తెలీకుండా ఎప్పుడు కన్నావు? ఇంతకీ ఎవరి పోలిక?" "మీ అక్క పోలిక. అందుకే హాస్టల్లో పడేశాం" అన్నాను. ఎన్ని రోజులు నవ్వుకున్నామో ఆ మాట చెప్పుకుని.

నెల తిరక్కముందే మొదలైంది. రొట్టెల కొట్టాయన నాలుగు బన్నులు పొట్లం కట్టేవాడు. ముగ్గురమేనండీ అంటే, "అదేంటమ్మా, మరి పెద్దమ్మాయికి?" అనేవాడు. చిన్న ఊరు కదా, ఆఫీసు మాట అందరికీ చేరిందనుకున్నాను. స్కూలు బస్సు మా బుడంకాయ ఎక్కాక కూడా ఒక నిమిషం ఆగేది. డ్రైవరు మా గుమ్మం కేసి చూసి, చూసి, పోయేవాడు. ఒకరోజు ఆగలేదు. ఎక్కాల్సినవాళ్లంతా ఎక్కేసినట్టు తలుపేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత వాసన. సరస్సు అడుగున ఆకులు కుళ్లితే వస్తుందే, అది. కుట్టుగదిలో మాత్రమే. కిటికీ తెరిచినా పోయేది కాదు. మిషను తొక్కడం ఆపితే గదిలో ఊపిరి వినబడేది. నాదే అనుకునేదాన్ని. నేను ఊపిరి బిగబట్టి చూశాను ఒకసారి... అది ఆగలేదు.

మా బుడంకాయకి గౌను కుడదామని ఒకరోజు నీలం గుడ్డ తీశాను. పనిలో పడితే నాకు ఒళ్లు తెలీదు. సాయంత్రం లేచి చూస్తే రెండు గౌన్లున్నాయి. రెండోది పెద్దది. కుట్టు నాదే, అనుమానం లేదు. అంచు మడిచి రెండుసార్లు కుట్టే పిచ్చి ఈ ఊళ్లో నాకొక్కదానికే ఉంది. ఎవరి కొలతలు తీశానో మాత్రం గుర్తులేదు. టేపు చేతిలోకి తీసుకుంటే తడిగా తగిలింది.

మర్నాడు పొద్దున్న జడ వేస్తుంటే మా బుడంకాయ తల తిప్పకుండా గుసగుసగా అంది.

"అమ్మా, అక్క నా మంచం మీద పడుకుంటోంది."

"ఏ అక్కే?"

"మనక్క. ఒళ్లంతా చల్లగా ఉంటుంది. నన్ను గోడవైపు జరగమంటుంది. జరిగాను. ఇంకా జరగమంటుంది." రిబ్బను వేలికి చుట్టుకుంది. "ఇంక చోటు లేదమ్మా."

చేసిన పాడుపని ఏంటో అప్పుడు తెలిసింది నాకు. ఆయనకి చెప్పాను. "గది పోతే పోయింది, ఇవాళే పోయి నిజం చెప్పేసేయ్" అని పంపుహౌసుకి వెళ్లిపోయాడు. అప్పుడు మీ ఇంట్లో లాంచీ తాత ఉండేవాడు. సరస్సు మీద నలభై ఏళ్లు లాంచీ నడిపిన మనిషి. గేటు దగ్గర నన్ను ఆపి సంగతంతా విన్నాడు. "రాయించావు, వచ్చింది. ఉంచుకోమ్మా. దిద్దించడానికి మాత్రం పోకు. దిద్దితే ఎవరు పోతారో నీ చేతిలో ఉండదు" అన్నాడు. నేను విన్లేదు. పిల్ల చోటు లేదంటుంటే ఏ తల్లి ఆగుతుందండీ?

మధ్యాహ్నం మూడింటికి దాని చేయి పట్టుకుని బయల్దేరాను. ఆఫీసుకి గట్టు మీదుగా పోవాలి. సగం దూరం వెళ్లేసరికి సరస్సు మీంచి మంచు దిగింది. పట్టపగలే, అమ్మా. ముందు నీళ్లు పోయాయి, తర్వాత దారి, తర్వాత నా చెప్పులు. చప్పుళ్లు కూడా పోయాయి. గట్టు కింద నీళ్లు నాకుతున్న చప్పుడొక్కటే.

"బూటు లేసు ఊడిందమ్మా" అంది. చేయి వదిలాను. రెండు క్షణాలు, మూడు... అంతే. చేయి మళ్లీ నా చేతిలోకొచ్చింది. చల్లగా ఉంది. చలికేలే అనుకున్నాను. గట్టిగా పట్టుకుని నడిచాను.

పది అడుగులు వేశానో లేదో, వెనక నుంచి పిలుపు.

"అమ్మా..."

అదే. నా పిల్ల కోసం వచ్చింది అదే అనుకున్నాను. నడక పెంచాను.

"అమ్మా... ఆగమ్మా..."

పరుగెత్తాను. నా పిల్లని ఈడ్చుకుంటూ పరుగెత్తాను. వెనక ఏడుపు. నేను వెనక్కి తిరగలేదు. ఒక్కసారి కూడా తిరగలేదు.

ఆఫీసులో దీపం వెలుగుతోంది. రొప్పుతూ బల్ల మీద వాలాను. "అబద్ధం చెప్పానండీ. మేం ముగ్గురమే. నాకు ఒక్కతే కూతురు."

"ఏ అమ్మాయి?" అన్నాడు గుమాస్తా.

"ఇదిగో, నా చేయి పట్టుకున్నది!"

ఆయన బల్ల మీదుగా వంగి చాలాసేపు చూశాడు. "ఇంకోసారి చెప్పండి. మళ్లీ దిద్దడం ఉండదు."

"ఇదే నా కూతురు. ఇంకెవరూ లేరు."

స్కేలు పెట్టి గీత కొట్టాడు.

అప్పుడు చూశాను. తల కిందికి వంచక్కర్లేకపోయింది. నా భుజం దాకా ఉంది. తడి జుట్టు... నీలం గౌను... నాకేసి చూసి చిన్నగా నవ్వింది.

గట్టు మీదికి పరుగెత్తాను. గొంతు పోయేదాకా పిలిచాను. చీకటి పడ్డాక ఎవరో ఇంటికి తీసుకొచ్చారు. మా ఆయన ఆ పిల్ల తల తువ్వాలుతో తుడుస్తున్నాడు. "ఎక్కడ తిరిగారే తల్లీకూతుళ్లు, ఇలా నానిపోయారు?" అన్నాడు. "బుడంకాయ ఏదండీ?" అన్నాను. "ఎవరు?" అన్నాడు. నవ్వుతూ అన్నాడమ్మా. చచ్చిపోవాలనిపించింది నాకు.

అదిగో, వంటింట్లో కప్పులు కడుగుతోంది కదా, ఆ అమ్మాయే. ఆరేళ్లయింది. ఇంకా పదకొండే. మంచిదే పాపం. గుడ్డ కత్తిరిస్తుంటే రెండో కొస పట్టుకుంటుంది. తిట్టడానికి నాకు నోరు రాదు. నువ్వెవరే అని ఒక్కసారే అడిగాను. "నన్ను కూడా మా అమ్మ గట్టు మీద వదిలేసిందమ్మా" అంది. మళ్లీ అడగలేదు.

బుడంకాయని మళ్లీ రాయిస్తానని ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఒక ఇంటికి ఒక్కసారేనట. ఇంకో ఇంటివాళ్లు రావాలి. లాంచీ తాత పోయాక ఆ ఇల్లు నాలుగేళ్లు ఖాళీగా ఉంది. నాలుగేళ్లు చూశానమ్మా.

కొత్తవాళ్ల ఫారం మీద పక్కింటివాళ్ల సంతకం తీసుకుంటారు. నిన్న గుమాస్తా నన్ను పిలిచి, మీ ఇంట్లో ఎంతమందని అడిగాడు. నలుగురన్నాను. బాబు కాక ఒక అమ్మాయి ఉంది, ఏడేళ్లు, తర్వాత వస్తుంది అన్నాను. రాసుకున్నాడు.

లేవకండి. కూర్చోండమ్మా, మీ కాళ్లు పట్టుకుంటాను. తిట్టండి, కొట్టండి, పడతాను. ఆఫీసుకి మాత్రం పోకండి. బాబు చేయి గట్టిగా పట్టుకుంటానంటారు. నేను గట్టిగా పట్టుకోలేదా? దిద్దించకపోతే ఎవరికీ ఏమీ కాదు. కాస్త చోటివ్వండి చాలు. తిండి నేను పంపిస్తాను, బట్టలు నేను కుడతాను, రోజుకొకసారి చూడనివ్వండి.

ఇవాళ పొద్దున్నే మీ ఇంట్లో అడుగుల చప్పుడు వినబడింది. తాళం వేసే ఉంది. కిటికీ దగ్గరికి వెళ్లి, బుడంకాయా అని పిలిచాను. అడుగులు ఆగాయి. ఇంకోసారి పిలిచాను. లోపల నవ్వారు.

ఒక గొంతు కాదమ్మా. చాలా ఉన్నాయి.