కూతబిలం

బిలం ముందు తడిమట్టిలో పడిన అడుగుజాడ ఎలుగుబంటిదని తేల్చడానికి హైమావతికి ఎంతోసేపు పట్టలేదు. ముందుకాలి గుర్తు మీద వెనక్కాలు పడి, రెండూ కలిసి ఒకే పెద్ద పాదంలా కనిపిస్తున్నాయి. గుండ్లకొట్టాల ఊరంతా మాత్రం అది కూతపోతు అడుగని చెప్పుకుంటోంది. నల్లమల లోతట్టున ఉన్న ఆ బిలంలో ఓ మృగం ఉందనీ, ఏనాటివాడో ఒక పాలెగాడు దాచిన రాగి బిందెలకు అది కాపలా అనీ, ఆకలైతే కూత పెడుతుందనీ వాళ్ల నమ్మకం. నిరుడు ఆ కూత ఫోన్ల మీద జిల్లాలు దాటిపోయింది. ఎక్కడెక్కడి నుంచో కార్లలో వచ్చి, దూరాన నిలబడి చూసిపోయేవాళ్లు ఎక్కువయ్యారు.

హైమావతి కర్నూలులో జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైంది. ఇలాంటి పుకార్ల వెంట పడి, వాటి వెనకున్న గుడ్లగూబనో దుమ్ములగొండినో బయటపెట్టడం ఆమెకు ఇష్టమైన పని. ఆమెకు దారి చూపడానికి వచ్చినవాడు ఓబులేసు. మేకలు కాసుకుంటాడు. ఎదుటి గుట్ట మీద నుంచి ఆ కూతను ఫోన్‌లో పట్టినవాడు అతనే.

మూడో మనిషి చౌడమ్మ. రావద్దన్నా వినలేదు. ఆమె భర్త మద్దిలేటి నిరుడు ఎండాకాలంలో బిందెల ఆశతో ఎవరికీ చెప్పకుండా ఇటు వచ్చాడు. బిలం దారిలో అతని సైకిల్ దొరికింది, మనిషి దొరకలేదు. ఆ తరువాత కొన్నాళ్లు, సాయంత్రమయ్యేసరికి కూత వినిపించింది. ఊరు తలుపులు బిగించుకుంది. వెతకడానికి రమ్మని చౌడమ్మ గడప గడపా తిరిగింది. ఒంటరిగా బయలుదేరితే పట్టుకుని వెనక్కి తెచ్చారు. ఓ రోజు కూత ఆగిపోయింది. మృగానికి కడుపు నిండినట్టుందని ఊళ్లో అనుకున్నారు. ఆ మాట ఆమె చెవిన కూడా పడింది.

ముగ్గురూ వంగి లోపలికి నడిచారు. కాస్త దూరం పోయాక వంగినా కుదరలేదు, పాకవలసి వచ్చింది. గబ్బిలాలు రెక్కలతో ముఖాల మీద కొట్టి పోయాయి. ఒకచోట పైకప్పులో సన్నని చీలిక ఉంది. బయట గాలి వీచినప్పుడల్లా అందులోంచి పొడవాటి మూలుగు వస్తోంది. హైమావతి టార్చి పైకెత్తి, ఇదే మీ కూతపోతు అని నవ్వింది. ఓబులేసు నవ్వలేదు.

"ఇది గాదు మేడం. పెద్దోళ్లు చెప్పే కూత ఇదేనేమో. నేను పట్టింది ఆగి ఆగి వచ్చింది. ఆ పొద్దు ఆకు గూడా కదల్లేదు" అన్నాడు.

హైమావతికి నవ్వు ఆగిపోయింది. గాలి లేని రోజున కూత ఎలా వచ్చింది? ఆమె ముందుకు కదిలింది.

దారి ఓ బావిలాంటి గోతి అంచున ముగిసింది. అంచు మీద రాళ్లు కొత్తగా విరిగి ఉన్నాయి. తాడు ఓ బండకు కట్టి ముందు హైమావతి దిగింది. టార్చి వెలుగు ఎముకల మీద పడింది. వద్దని ఆమె అరిచేలోపే చౌడమ్మ తాడు పట్టుకుని జారింది.

ఎముకల మీద ఇంకా గళ్ల చొక్కా పేలికలున్నాయి. ఆ చొక్కా చౌడమ్మ కొన్నదే. ఎక్కడా పంటి గాటు లేదు. కాలి ఎముక విరిగి ఉంది. దానికి రెండు వైపులా పుల్లలు పెట్టి తుండుగుడ్డ చింపి కట్టిన కట్టు ఉంది. గోడ వారగా రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఎక్కడానికి చూశాడన్నమాట. పడినవాడు పడినట్టే పోలేదు.

హైమావతికి ఓ అనుమానం వచ్చింది. వద్దనుకుంటూనే, ఓబులేసును బయటికి పోయి, ఆ రోజు నిలబడిన గుట్ట మీదే నిలబడమంది. అతను అక్కడికి చేరి ఉంటాడనుకున్నాక, గోతిలో నుంచి గొంతెత్తి అతన్ని పేరు పెట్టి పిలిచింది. కాసేపాగి మళ్లీ పిలిచింది. మళ్లీ.

ఓబులేసు తిరిగి వచ్చి గోతి అంచున కూలబడ్డాడు.

"అదే కూత మేడం. మాట తెలీలేదు. గుట్ట మీదికి కూతే వచ్చింది."

కింద చౌడమ్మ కట్టు కట్టిన ఎముక మీద చెయ్యి వేసి కూర్చుంది. "అయితే అరిసింది మా ఆయనే" అంది, తనలో తాను అనుకున్నట్టుగా.

ఇంతలో గోడల వెంట నీళ్లు కారడం మొదలైంది. నిరుడు ముఖం చాటేసిన వాన పైన అడవిలో ఎక్కడో కురుస్తోంది. చూస్తుండగానే మడమలు మునిగాయి. పైకి రమ్మని ఓబులేసు కేకేశాడు. చౌడమ్మ లేవలేదు. హైమావతి తన సంచి బోర్లించింది. కెమెరా, కొలత టేపు, శబ్దాలు పట్టే యంత్రం అన్నీ నీళ్లలో పడ్డాయి. ఇద్దరూ ఎముకలను ఆ సంచిలో సర్దారు. మట్టి కరిగిన గోడలోంచి ఓ రాగి బిందె అంచు బయటపడింది, దాని వెనక ఇంకోటి. చౌడమ్మ వాటిని చూసింది. సంచి గుండెలకు కట్టుకుని తాడు అందుకుంది.

పాకుతున్నప్పుడు నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఒకచోట హైమావతి కాలు జారితే ఓబులేసు జుట్టు పట్టి లాగాడు. ముగ్గురూ వెలుగులోకి వచ్చి పడిన కాసేపటికి, బిలం నోట్లోంచి ఎర్రటి నీళ్లు బుసకొట్టుకుంటూ బయటికి దూకాయి.

మరునాడు వంక ఒడ్డున గుంత తీశారు. ఊరంతా వచ్చింది. పోనీలే, కూతపోతు ఎముకలైనా మిగిల్చిందని ఓ ముసలాయన అన్నాడు. తలకాయలన్నీ ఊగాయి. హైమావతి ఉండబట్టలేక ముందుకొచ్చి, మృగం లేదని, ఎముకల మీద గాట్లు లేవని చెప్పబోయింది. చౌడమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దులే మేడం. వాళ్లు గూడా నిద్రపోవల్ల గదా."

జీవితమంతా అబద్ధాన్ని అబద్ధమని చెప్పిన హైమావతి నోరు మూసుకుంది.

ఓబులేసు జనానికి దూరంగా, కంపచెట్ల దగ్గర నిలబడ్డాడు. చౌడమ్మ పోయి అతన్ని పిలుచుకొచ్చింది. గుప్పెడు మట్టి తీసి అతని చేతిలో పెట్టింది.

"ముందు నువ్వు వెయ్యన్నా. నువ్వు ఆ గుట్ట మీదనే మేకలు కాస్తావని ఆయనకు తెలుసు. నిన్నే పిలిచింటాడు."

ఓబులేసు గుంత మీదికి చెయ్యి చాపాడు. పిడికిలి విప్పలేకపోయాడు. చౌడమ్మే అతని వేళ్లను ఒక్కొక్కటిగా తెరిచింది.