తీపి వద్దన్న కపాలం

మిట్టమధ్యాహ్నం... పన్నెండు గంటలు... అమావాస్య!

కారుమబ్బులు సూర్యబింబాన్ని అమాంతం మింగేశాయి. పిల్లల ఆసుపత్రి మూడో అంతస్తు కిటికీ మీద, పగటిపూట నోరెత్తకూడని గుడ్లగూబ ఒకటి కూర్చుని వికృతంగా కూస్తోంది. దిక్కులు దద్దరిల్లేలా పిడుగు పడింది! ఆ మెరుపు వెలుగులో, రోగులను చూడటానికి వచ్చిన జనం మధ్య, నల్లని దుస్తుల్లో ఒక వృద్ధుడు మెట్లెక్కుతూ కనిపించాడు. అతని భుజానికి సంచీ. సంచీలో తేనెతో నిండిన మూత గిన్నె... దాని కింద ఎర్రగుడ్డలో చుట్టిన చిన్న కపాలం!

వార్డు గేటు దగ్గర కాపలావాడు ఆడవాళ్ళు తెచ్చే టిఫిన్ డబ్బాల మూతలన్నీ తీయించి వాసన చూసే మహానుభావుడు. ఆ వృద్ధుడి కళ్ళలోకి ఒక్కసారి చూసి, చేతులు కట్టుకుని మరీ దారి వదిలాడు. వాడి ప్రతాపమంతా పప్పు డబ్బాల మీదే!

ఆ వృద్ధుడు మాంత్రికుడు. తొమ్మిదో గదిలో ఉన్న మూడేళ్ళ పిల్ల అతని కూతురి కూతురే. పిడికెడంత ఉంటుందని అందరూ పిచ్చుక అని పిలుస్తారు. తన రక్తంలో పుట్టిన పసికపాలాలు రెండు చేజిక్కితే తనకిక మృత్యువే లేదని అతని నమ్మకం. ఒకటి సంచీలో ఉంది. రెండోది మంచం మీద ఊపిరి పీలుస్తోంది...

అదే సమయానికి ఆ గదిలో డాక్టరమ్మ పిచ్చుక నోట్లోకి టార్చి వేసి చూస్తోంది. ఎవరికీ అంతుపట్టని పసిపిల్లల జబ్బులన్నీ చివరికి ఆమె దగ్గరికే వస్తాయి. ఆమె ప్రశ్నలు తట్టుకోలేక జనం నిజం చెప్పేస్తారని నర్సులు నవ్వుకుంటారు. కానీ పిచ్చుక విషయంలో ఆ ప్రశ్నలు కూడా ఓడిపోయాయి. ఆసుపత్రికి రావడం ఇది నాలుగోసారి. వాంతులు, చల్లని చెమటలు, కళ్ళు తేలేయడం, ఒళ్ళంతా కొట్టుకోవడం... రక్తంలో చక్కెర పాతాళానికి పడిపోయేది. కాలేయం ఉబ్బేది. గ్లూకోజ్ ఎక్కిస్తే లేచి కూర్చునేది. ఇంటికి వెళ్ళిన వారం తిరక్కుండా మళ్ళీ మొదటికే వచ్చేది.

“ఏం పెడుతున్నావమ్మా?” అని ఐదోసారి అడిగింది డాక్టరమ్మ.

“మీరు చెప్పినవే. పాలు, అన్నం, గుడ్డు” అంది తల్లి.

“మరి తీపి?”

“ముట్టుకోదండీ. నోట్లో పెడితే ఉమ్మేస్తుంది. ఉత్త మొండిఘటం!”

డాక్టరమ్మ చేతిలో టార్చి ఆగిపోయింది. ఆ ఇరవై పాలపళ్ళలో ఒక్కటీ పుచ్చలేదు. “తిండి సంగతి వదిలెయ్. ఈ పిల్ల నోట్లోకి ఇంకేమేం వెళ్ళాయో చెప్పు.”

తల్లి తల దించుకుంది. “మా నాన్న మంత్రించిన తేనె పోస్తాడు... ఒక గిన్నెడు. మీరు తిండి గురించి అడిగారు కదా! అది మందు అనుకున్నా...”

డాక్టరమ్మ టార్చి ఆర్పి తల్లి వైపు తిరిగింది. “ఇది గాలీ కాదు, ధూళీ కాదు. పుట్టుకతో, రక్తంలో వచ్చే అరుదైన జబ్బులా ఉంది. తేనెలో, పళ్ళలో, మనం వాడే చక్కెరలో ఉండే తీపిని నీ కూతురి కాలేయం అరిగించలేదు. అది విషమైపోతుంది. ఇప్పుడు ఎక్కిస్తున్న గ్లూకోజ్ వేరు, అది పడుతుంది. పరీక్షకు పంపిస్తాను. ఈ క్షణం నుంచి తీపి తగలకపోతే ఈ పిల్ల హాయిగా బతుకుతుంది. ఇంకొక్క గిన్నె పడిందో...”

భళ్ళుమని తలుపు తెరుచుకుంది! దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. గుమ్మంలో మాంత్రికుడు... అగ్నిగోళాల్లాంటి కళ్ళు! అతడు ఎర్రగుడ్డ విప్పి, కపాలాన్ని మంచం పక్కన బల్ల మీద నిలబెట్టాడు. అతని పెదవులు కదిలాయో లేదో, డాక్టరమ్మ పాదాలు నేలకు అతుక్కుపోయాయి. తల్లి జుట్టు దానంతటదే విడిపోయి గాలిలోకి లేచింది. కనుగుడ్లు వెనక్కి తిరిగి, కళ్ళలో తెలుపు మాత్రమే మిగిలింది. గది చలితో గడ్డకట్టింది...

“ఇది నా పెద్దకూతురు!” అని గర్జించాడు మాంత్రికుడు. “మూడేళ్ళకే దీన్ని పిశాచం పట్టి తినేసింది. ఆ పిశాచాన్ని గెలిచి దీన్ని నా కాళ్ళ దగ్గర కట్టేసుకున్నా! అడ్డొచ్చావో, ఈ బల్ల మీద నీ తల ఉంటుంది!”

అతడు పిచ్చుక మీదికి వంగాడు. పిల్ల పెదవులు బిగించి తల అటూ ఇటూ తిప్పింది. రెండు వేళ్ళతో ఆ చిట్టిముక్కు మూసి, గిన్నె ఎత్తాడు...

మెరుపు మెరిసింది! ఆ వెలుగులో కపాలం పళ్ళు డాక్టరమ్మ కంటబడ్డాయి. చిన్నచిన్న పాలపళ్ళు. ఒక్కటీ పుచ్చలేదు.

కాళ్ళు కదలవు. చేతులు లేవవు. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? అంత భయంలోనూ కపాలాన్ని ప్రశ్న అడిగింది.

“పాపా... నువ్వు తీపి తినేదానివా?”

మాంత్రికుడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తల్లి గొంతులోంచి మూడేళ్ళ పసిపిల్ల కంఠం వినిపించింది...

“వద్దన్నాను... నాన్న ముక్కు మూసి పోశాడు. కడుపులో మంట... చలి... పిశాచం వచ్చిందన్నాడు.”

“ఏ పిశాచమూ రాలేదు తల్లీ. నీ చెల్లెలి కూతురి జబ్బే నీకూ ఉండేది. నీకు తేనె పడలేదు. అంతే.”

“నోర్ముయ్!” అని మాంత్రికుడు అరిచిన అరుపులో గర్జన లేదు. తేనె పడగానే పసిది గిలగిలా కొట్టుకోవడం చూసి, ఆనాడు అది తన మంత్రబలమని పొంగిపోయాడు. జబ్బు చేసిన పనిని తన గొప్పగా చాటుకుని ఇంతకాలం జనాన్ని గడగడలాడించాడు. రెండో కూతురు అదే తేనె చప్పరించి కేరింతలు కొట్టిన రోజున అతనికి అసలు సంగతి అర్థమైంది. అర్థం కానట్టే ఉండిపోయాడు, నీచుడు!

“నీకు తెలుసా... నాన్నా?” అని అడిగింది ఆ పసికంఠం.

అతడు గిన్నె పట్టుకునే గుమ్మం వైపు వెనకడుగు వేశాడు.

కపాలం మెల్లగా అతని వైపు తిరిగింది! అతని చేతిలోని గిన్నె విడివడి గాలిలో తేలింది. అతని ముక్కును ఏవో కనిపించని వేళ్ళు... చాలా చిన్న వేళ్ళు... గట్టిగా మూసేశాయి. ఊపిరి కోసం నోరు తెరిచాడు. అంతే! తేనె ధార మొదలైంది. దోసెడు, కుండెడు, కాగెడు... ఆ గిన్నె అడుగంటదు! మంత్రం చదవబోయిన నాలుక తేనెలో మునిగిపోయింది. చెవుల్లోంచి, కళ్ళలోంచి తేనె కారింది. గది గోడలు అదిరేలా ఒక్క కేక పెట్టబోయి, పెట్టలేక, మాంత్రికుడు నేలకూలాడు. అతని ముక్కుకు రెండు వైపులా గోరింత వేలిగుర్తులు రెండు కమిలి నల్లగా మిగిలాయి.

దీపాలు వెలిగాయి. డాక్టరమ్మ పాదాలకు స్వాధీనం వచ్చింది. ఒక్క ఉదుటున వెళ్ళి పిచ్చుక నోట్లో వేలు పెట్టి తుడిచి చూసింది. తేనె ఒక్క చుక్క కూడా తగల్లేదు. నాడి నిబ్బరంగా కొట్టుకుంటోంది.

తల్లి కళ్ళు మాత్రం ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఆ పసికంఠం భయంభయంగా అడిగింది.

“డాక్టరమ్మా... నాకు కూడా తగ్గుతుందా?”

ఎందరు తల్లులకో కఠినమైన నిజాలను కళ్ళలోకి చూసి చెప్పిన మనిషికి ఈసారి నిజం చెప్పబుద్ధి కాలేదు. కపాలాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని గుండెకు హత్తుకుంది.

“తగ్గిపోయింది తల్లీ. ఇక నీకెవరూ పొయ్యరు.”

“ఒట్టు?”

“ఒట్టు.”

తల్లి ఒళ్ళు ఒక్కసారి వణికి, కళ్ళలోకి నల్లగుడ్లు తిరిగి వచ్చాయి.